రెండు సి అక్షరాలు

బెనీటా లారాల్డె తన తండ్రి దాచిన వెండి డాలరు తెచ్చి అర్లీన్ ప్రూయెట్ దుకాణంలో గాజుబల్ల మీద పెట్టింది. అర్లీన్ భూతద్దం చేతిలోకి తీసుకుంది. తీసుకున్నది తీసుకున్నట్టే, నాణెం వంక చూడనైనా చూడకుండా, మళ్ళీ కింద పెట్టేసింది. పోయిన వారం మనం వాళ్ళిద్దరినీ అక్కడే వదిలి వచ్చాం.

ఎల్కో ఊరి చివర బెనీటా ట్రైలర్ ఇల్లు నిలబెట్టుకున్న స్థలం చేతులు మారింది. నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నారు. ముప్ఫై ఏళ్ళు బడి వంటశాలలో చేతులు కాల్చుకున్న అరవై ఆరేళ్ళ మనిషి. ఆస్తి అని చెప్పుకోడానికి ఆమెకున్నది ఆ ఒక్క నాణెం. ఇరవై మూడేళ్ళ కిందట తండ్రి సెవెరో పోయినప్పుడు తమ్ముడు ఫెర్మీన్ తల్లి నడిపిన బోర్డింగ్ భవనం తీసుకున్నాడు, ఆమె నాణెం తీసుకుంది. ఆ నాణెం ఖరీదు పద్దెనిమిది వేల డాలర్లని కాగితం మీద రాసి సంతకం పెట్టింది ఈ అర్లీనే.

"ఏం, చూడవా?" అంది బెనీటా.

అర్లీన్ స్టూలు మీంచి లేచింది. ఆమె లేవడం ఈమధ్య ఒక పెద్ద పని. ముందు అరచేతులు బల్లకు ఆనించాలి, తరవాత ఎడమ మోకాలితో రాజీపడాలి, ఆ తరవాతే నడుం నిలబడుతుంది. వెళ్ళి తలుపుకు వేలాడుతున్న అట్టను 'మూసి ఉంది' వైపు తిప్పింది. బయట ఏప్రిల్ గాలి ఐడహో వీధి దుమ్మంతా ఎత్తి అద్దాలకేసి కొడుతోంది. గని షిఫ్టు దిగిన వాళ్ళ బస్సు ఒకటి సిగ్నల్ దీపాల దగ్గర ఆగి, రొప్పి, ముందుకు పోయింది.

"మధ్యాహ్నం రెండింటికే మూసేస్తావా? బేరాలు అంత బాగున్నాయా?"

"కూర్చో బెనీటా."

"కూర్చుంటే లేవలేను. నిలబడే వింటాను. చెప్పు. నలభై వేలు పలుకుతుందని మా చర్చిలో ఒకాయన కంప్యూటర్లో చూసి చెప్పాడు. నువ్వు ముప్ఫై అను, నేను కాదనను. నాకో చిన్న ఇల్లు, కింద మెట్లు లేకుండా ఉంటే చాలు."

అర్లీన్‌కు అరవై ఎనిమిదేళ్ళు. అందులో నలభై ఏళ్ళు ఈ బల్ల వెనకే గడిచాయి. తాతల సందుగల్లోంచి, అత్తల దిండు గలీబుల్లోంచి, పాతింటి గోడల్లోంచి తీసిన వెండిని చేతిగుడ్డలో మూటగట్టుకుని రోజుకు ముగ్గురో నలుగురో వస్తారు. అందరి కళ్ళలోనూ ఒకటే వెలుగు. ఆ వెలుగును ఆర్పడమే తన వృత్తి అని అర్లీన్‌కు ఎప్పుడో అర్థమైంది. 'ఇది తోమేశారమ్మా, తోమకుండా ఉంటే బాగుండేది.' 'ఇలాంటివి లక్షల్లో కొట్టారు బాబూ, వెండి బరువుకే తీసుకుంటాను.' ఈ మాటలు ఎంత మెత్తగా అన్నా వినేవాడికి మెత్తగా తగలవు. భర్త క్లిఫర్డ్ బతికున్నంతకాలం ఆ మాటలు ఆయనే అనేవాడు. ఆయన పోయిన ఈ ఆరేళ్ళుగా అవన్నీ ఆమె నోట్లోంచే రావాలి. సాయంత్రానికి నాలుక మీద ఇనప రుచి మిగిలేది.

కానీ ఈ ఒక్క మాట అన్నింటిలాంటిది కాదు. ఇది ఎవరికో చెప్పాల్సిన చెడు వార్త కాదు. తన నేరం.

"ఇది కార్సన్ సిటీ నాణెం కాదు" అంది అర్లీన్.

బెనీటా నవ్వింది. "అద్దం పెట్టకుండానే చెప్పేస్తున్నావే! కళ్ళు అంత పదునెక్కాయా?"

"ఫిలడెల్ఫియా టంకశాలలో కొట్టిన మామూలు డాలరు. దాని మీద కార్సన్ సిటీ టంకశాల గుర్తు, ఆ రెండు సి అక్షరాలు, తెచ్చి అతికించారు. వెండి వెండే. ఇవాళ్టి ధరకు ముప్ఫై, ముప్ఫై ఐదు డాలర్లు వస్తుంది."

నవ్వు బెనీటా మొహం మీద కాసేపు అలాగే ఉండిపోయింది, దించడానికి ఎవరూ లేనట్టు. తరవాత ఆమె చేతిసంచీని పొట్టకు అదుముకుంది.

"ఓహో. ఇదా కథ. నాకు నెలాఖరు గడువుందని ఊరంతా తెలుసు. నీకూ తెలుసు. అవసరంలో ఉన్నదాని దగ్గర బంగారం కూడా ఇత్తడే కదా! నువ్విలాంటి దానివని అనుకోలేదు అర్లీన్. మీ ఆయన పోయినప్పుడు నీకు పది రోజులు సూపు మోసుకొచ్చానే నేను!"

"మోసుకొచ్చావు. మరిచిపోలేదు."

"మరి?"

అర్లీన్ బల్ల కింది సొరుగు తెరిచి మరో డాలరు తీసింది. అది కార్సన్ సిటీ టంకశాలలో కొట్టినదే, పద్దెనిమిది వందల ఎనభై రెండో సంవత్సరానిది, అంత అరుదైనది కాదు. రెండు నాణేలనూ బోర్లించి, గద్ద బొమ్మ పైకి వచ్చేట్టు, నల్ల వెల్వెట్ గుడ్డ మీద పక్కపక్కన పెట్టింది. దీపం వంచింది. భూతద్దం బెనీటా చేతికిచ్చింది.

"నా మాట నమ్మకు. నువ్వే చూడు. గద్ద కింద ఆకుల దండ ఉంది కదా, ముడి వేసిన చోటు. దాని కిందే రెండు సి లు. ముందు నాదాన్ని చూడు."

బెనీటా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని వంగింది.

"కనపడ్డాయి."

"అక్షరం మొదలు దగ్గర చూడు. నాణెం ఒళ్ళూ అక్షరమూ ఒకటే లోహం. వాలుగా పైకి లేచింది. అచ్చులో పుట్టిన అక్షరం అలాగే ఉంటుంది. ఇప్పుడు నీదాన్ని చూడు. అక్షరం చుట్టూ."

బెనీటా అద్దాన్ని తన నాణెం మీదికి జరిపింది. గోడగడియారం తన పని తను చేసుకుంటోంది.

"గీత ఉంది" అంది బెనీటా చివరికి. "వెంట్రుక లాంటి గీత. చుట్టూ."

"అతుకు."

"మురికి కావచ్చు. నేను ఎప్పుడూ కడగలేదు. కడగొద్దని నువ్వే చెప్పావు."

"పైనున్న సి కొంచెం పక్కకు ఒరిగింది కూడా. చూడు."

బెనీటా చూడలేదు. అద్దం కింద పెట్టింది. ఆమె చేతుల మీద పాత నూనె మచ్చలు, పొక్కులు ఆరిన గుర్తులు దీపం వెలుగులో తెల్లగా కనిపించాయి. కోపంతో వచ్చిన బలం పోయింది కాబోలు, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అయితే అప్పుడు పొరపాటు పడ్డావన్నమాట. ఇరవై మూడేళ్ళ కిందట ఈ గీత నీకు కనపళ్ళేదు."

ఇక్కడే ఆగిపోవచ్చు. అవును, కనపళ్ళేదు, క్షమించు అంటే సరిపోతుంది. పొరపాటు పడ్డ మనిషిని లోకం ఏమీ అనదు. అర్లీన్ ఆ మాటను నోటిదాకా తెచ్చుకుంది కూడా. కానీ దాన్ని మోసుకుంటూ ఇంటికి వెళ్ళి, రాత్రి దాంతోనే పడుకుని, పొద్దున దాంతోనే లేవాలి. అంత ఓపిక తనలో మిగల్లేదనిపించింది.

"నేను దీనికి అద్దం పెట్టింది ఇరవై మూడేళ్ళ కిందట కాదు బెనీటా. ముప్ఫై రెండేళ్ళ కిందట."

"ముప్ఫై రెండేళ్ళేంటి? మేం వచ్చింది నాన్న పోయాక."

"మీ నాన్న అంతకు ముందే వచ్చాడు."

వెండి ధర ఉన్నట్టుండి ఎగబాకిన సంవత్సరం అది. ఊరంతా చెంచాలూ, గరిటెలూ, పళ్ళాలూ పట్టుకుని ఈ దుకాణం ముందు బారులు తీరారు. క్లిఫర్డ్ తూకం దగ్గర కూర్చుంటే అర్లీన్ నాణేలు చూసేది. ఆ బారులో ఒకరోజు సెవెరో లారాల్డె వచ్చి నిలబడ్డాడు. నల్ల టోపీ చేతిలో పట్టుకుని, తన వంతు వచ్చినా వెనక వాళ్ళను ముందుకు పంపుతూ, అందరూ వెళ్ళిపోయేదాకా ఆగాడు. అప్పుడు చొక్కా లోపలి జేబులోంచి దీన్ని తీశాడు.

"అమ్మాయ్, ఇది అమ్మడానికి కాదు. ఎంత పలుకుతుందో చెబితే చాలు. పిల్లలకు చెప్పుకోడానికి" అన్నాడు.

అర్లీన్‌కు అప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. చూపు పదును, నోరు ఇంకా పదును. రెండు నిమిషాల్లో ఉన్నదున్నట్టు చెప్పేసింది. పెద్దాయన టోపీ అంచును వేళ్ళతో ఒక చుట్టు తిప్పాడు. తరవాత తను పుట్టిన దేశం భాషలో ఏదో అనుకుని, ఇంగ్లీషులోకి వచ్చి, "అరవై" అన్నాడు.

"అరవై ఏంటి తాతా?" అని అడిగింది తను.

"అరవై ఆడగొర్రెలు."

బెనీటా తల పైకెత్తింది. "గొర్రెలా?"

"జీతానికి బదులు గొర్రెపిల్లలు తీసుకుని పెంచుకున్నాడట. పదేళ్ళలో అరవై అయ్యాయి. ఇంకో నలభై అయితే సొంత మంద, సొంత బీడు. అప్పుడు దక్షిణం నుంచి ఒకడు వచ్చాడు. ఈ నాణెం ఉంటే బీడే కొనుక్కోవచ్చు, మ్యూజియం వాళ్ళు నీ కాళ్ళ దగ్గరికి వస్తారు అని చెప్పాడు. మంద మొత్తం తోలుకుపోయాడు."

"అబద్ధం." బెనీటా గొంతు చిన్నదైపోయింది. "ఇది మెచ్చి ఇచ్చింది. చలికాలంలో ఒక్క గొర్రె కూడా చావకుండా మందను కొండ దింపినందుకు యజమాని మెచ్చి ఇచ్చాడు. నాన్న వంద సార్లు చెప్పాడు."

"అలా చెప్పాడా?"

"మా సొంత గొర్రెలు మంచు తుఫానులో పోయాయి. నాకు పదమూడేళ్ళు. మా అమ్మ వంటింట్లో ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుని..." బెనీటా ఆగింది. "ఒక్కదాని తోలు కూడా ఇంటికి రాలేదేం అని అమ్మ అడిగింది. అరవై చస్తే అరవై తోళ్ళు ఉండాలి కదా అని. నాన్న బయటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు రాలేదు."

రైలు ఒకటి ఊరి దక్షిణం వైపు నుంచి పొడుగ్గా కూసింది.

"ఆ రోజు నా దగ్గర మాట తీసుకున్నాడు" అంది అర్లీన్. "నా పిల్లలకు ఇది తెలియకూడదు అమ్మాయ్, నేను బతికుండగానూ వద్దు, పోయాకా వద్దు. నన్ను మోసపోయినవాడిగా వాళ్ళు తలుచుకోకూడదు అన్నాడు. సరే అన్నాను. ఆ వయసులో మాట ఇవ్వడం ఎంత తేలికో నీకు తెలుసు కదా."

"మాట నిలబెట్టుకున్నావు. మెచ్చుకోవాలి."

"బెనీటా..."

"మేమిద్దరం వచ్చి అడిగితే పద్దెనిమిది వేలన్నావు!"

"అసలుదైతే ఎంత అని అడిగావు నువ్వు. ఎంతైనా అమ్మను, ఊరికే తెలుసుకోవాలని ఉంది అన్నావు. అసలుదాని ధర చెప్పాను. కాగితం మీద రాయమన్నావు. రాశాను. దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటావనుకున్నాను, దాంతో ఇల్లు పంచుకుంటారనుకోలేదు. రెండు నెలల తరవాత మీ పంపకాల సంగతి క్లిఫర్డ్ చెప్పాడు. చెబుదామని మూడు సార్లు నీ గుమ్మం దాకా వచ్చాను. ఒకసారి నువ్వు దుప్పట్లు ఆరేస్తున్నావు. చెయ్యి ఊపావు. నేనూ ఊపి వెళ్ళిపోయాను."

అర్లీన్ ఏడవలేదు. ఏడవడానికీ ఓపిక కావాలి. "అది మాట నిలబెట్టుకోవడం కాదు. పిరికితనం. మొదటి ఏడాది చెప్పి ఉంటే మీరు మళ్ళీ పంచుకునేవాళ్ళు. ఏడాది దాటాక నోరు రాలేదు. ఆ తరవాత ప్రతి ఏడాదీ ఇంకొంచెం బరువెక్కింది."

బెనీటా నాణేన్ని అరచేతిలోకి తీసుకుంది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. ఆమె అరుస్తుందని అర్లీన్ కాచుక్కూర్చుంది. అరిస్తే బాగుండునని కూడా అనుకుంది. బెనీటా అరవలేదు. మార్కెట్టులో కూరగాయలు బేరమాడే మనిషిలా, మామూలు గొంతుతో అంది:

"ఇది అసలుదని మళ్ళీ రాసివ్వు."

"ఏంటీ?"

"అప్పుడు రాశావు కదా. ఇప్పుడూ రాయి. ఈ తారీఖు వేసి."

"నీకు పిచ్చా? రీనో నుంచి వచ్చే వ్యాపారి ఎవడైనా అరనిమిషంలో..."

"వ్యాపారికి ఎవడిస్తాడు? ఫెర్మీన్‌కి." బెనీటా ముందుకు వంగింది. "మొన్న ఆదివారం నోరు తెరిచి వాణ్ణి ఉండడానికి చోటు అడిగాను. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి. నాణెం పట్టుకురా అక్కా, అది నాన్నదేనని అర్లీన్ గారు ఒక్క మాట అంటే చాలు, కింది అంతస్తులో రెండు గదులు నీ పేరున రాస్తాను, చచ్చేదాకా ఉండు అన్నాడు. మూడింటికి ఇక్కడికే రమ్మన్నాను. ఎవరికీ నష్టం లేదు. వాడు అమ్ముకోడు. గోడకు పెట్టుకుంటాడు. నువ్వన్నట్టు, ఫ్రేము కట్టించి."

"బెనీటా, వద్దు."

"మా నాన్న కోసం అబద్ధం ఆడావు. ఇల్లు పోగొట్టుకుంది నేను. ఇప్పుడు నా కోసం ఆడు. ఒక్కసారి. నీకు అలవాటే కదా!"

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. అర్లీన్ గడియారం వంక చూసింది. మూడు కావడానికి నాలుగు నిమిషాలుంది. బల్ల మీద సగం తిన్న శాండ్‌విచ్ ఎండి అంచులు పైకి లేచాయి. కాదనడానికి తనకేం హక్కుంది? ఒక మాట దాచి ఈమె బతుకును ట్రైలర్‌లోకి తోసింది తను. ఇంకో మాట దాస్తే రెండు గదులు వస్తాయి. పైగా అది అబద్ధమని తెలిసేది ఎవరికి? లెక్క సరిగ్గానే ఉంది. లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి.

తలుపు తట్టిన చప్పుడైంది.

ఫెర్మీన్ లారాల్డెకు అరవై మూడేళ్ళు. కుడికాలు కొంచెం ఈడుస్తాడు. గాలి వెంట వెల్లుల్లి వాసన, పాత వైను వాసన లోపలికి వచ్చాయి.

"తలుపు మీద మూసి ఉందని పెట్టి లోపల ఇద్దరు ఆడవాళ్ళూ ఏం కుట్ర చేస్తున్నారు?" అని నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. "అర్లీన్ గారూ, మీ మొహం ఏంటి అలా ఉంది? మా అక్క వంట తిన్నారా?"

"కూర్చో ఫెర్మీన్."

"కూర్చుంటాను కానీ, పొయ్యి మీద కూర పెట్టి వచ్చాను. రాత్రికి పదహారు మంది గనివాళ్ళు భోజనానికి వస్తారు. నీళ్ళ వేడి బాయిలరు మళ్ళీ చచ్చింది. అక్కా, నిజం చెబుతున్నా, ఆ కొంప తీసుకుని నువ్వు నాణెం నాకిచ్చి ఉంటే నేనీపాటికి ఫ్లోరిడాలో ఎండకు పడుకునేవాణ్ణి."

"ఇప్పటికైనా మించిపోలేదులే" అంది బెనీటా. గొంతు తేలిగ్గానే ఉంది. చేతులు మాత్రం చేతిసంచీ పట్టీని పిసుకుతున్నాయి.

ఫెర్మీన్ వెల్వెట్ గుడ్డ మీద ఉన్న తండ్రి నాణేన్ని చూశాడు. అతని నవ్వు నెమ్మదిగా తగ్గింది. టోపీ తీశాడు.

"అర్లీన్ గారూ, కాగితాలూ అవీ నాకొద్దు. మీ నోటి మాట చాలు. మా నాన్న కార్సన్ సిటీ డాలరు ఇదేనా?"

బెనీటా అర్లీన్ కళ్ళలోకి చూసింది. ఆ చూపులో బెదిరింపు లేదు. అది ఉంటే కాదనడం సులువయ్యేది. ఇంత వయసొచ్చి ఒక్క తలుపు కోసం అడుక్కోవాల్సి వచ్చిన మనిషి చూపు అది.

అర్లీన్ నోరు తెరిచింది. అవును అనాలనే తెరిచింది. ఆ సంగతి ఆమె ఆ తరవాత ఎవరి దగ్గరా దాచలేదు. కానీ ఆ 'అవును' లోపల ఎక్కడా దొరకలేదు. నలభై ఏళ్ళ అలసట అంతా ఒక్కసారి భుజాల మీదికి దిగింది. కొత్త అబద్ధాన్ని ఎత్తుకోడానికి ఆ భుజాల మీద చోటు లేదు.

"మీ నాన్నదే" అంది. "కానీ అసలుది కాదు ఫెర్మీన్. అక్షరాలు అతికించారు. నాకు మొదట్నుంచీ తెలుసు. మీ ఇద్దరికీ చెప్పకుండా దాచాను. మీ అక్కకు రావాల్సిన సగం ఇల్లు నా మూలంగానే పోయింది. తప్పు నాది. ఆమెకు తెలిసి గంట కూడా కాలేదు."

బెనీటా కళ్ళు మూసుకుంది. రెండు గదులూ, మెట్లు లేని గుమ్మమూ ఆ రెప్పల కింద పోయాయి.

"క్షమించు బెనీటా."

"ఆపు" అంది బెనీటా, కళ్ళు తెరవకుండానే. "ఇక చాలు."

ఫెర్మీన్ కోప్పడతాడని అర్లీన్ అనుకుంది. లేదా అక్క మోసం చెయ్యబోయిందని ఎగిరిపడతాడనుకుంది. అతను అలాంటిదేమీ చెయ్యలేదు. ఎవరో చాలాకాలంగా పట్టుకోమన్న బరువును ఇక దించొచ్చని చెప్పినట్టు, మెల్లగా గాలి వదిలాడు. కుర్చీ లాక్కుని అక్క పక్కనే కూర్చున్నాడు.

"అనుకున్నాను" అన్నాడు.

"ఏం అనుకున్నావు?" బెనీటా కళ్ళు తెరిచింది.

"రెండూ అసలువి కాలేవని."

"రెండా?"

ఫెర్మీన్ కోటు లోపలి జేబులోంచి పొగాకు డబ్బా తీశాడు. మూత తుప్పుపట్టి ఉంది, గోళ్ళతో పెకలించాల్సి వచ్చింది. లోపల ఉన్ని ముక్క. ఉన్ని విప్పి, ఒక డాలరును తండ్రి నాణెం పక్కన పెట్టాడు.

పద్దెనిమిది వందల ఎనభై తొమ్మిది. తండ్రి నాణెం మీదున్న సంవత్సరమే. అంచుల్లో నీలమూ ఊదా కలిసిన నలుపు. ఎవరూ తోమలేదు, ఎవరూ ఎక్కువగా తాకలేదు. నలభై ఏళ్ళలో అలాంటి రంగును అర్లీన్ చూసింది నాలుగైదు సార్లే. తనకు తెలియకుండానే చెయ్యి భూతద్దం వైపు వెళ్ళింది. రెండో చేత్తో నాణేన్ని బోర్లించబోయింది.

బెనీటా అరచెయ్యి ముందే దాని మీద పడింది.

"నువ్వు చూడొద్దు" అంది. "ఇది అసలుదో నకిలీదో నాకిప్పుడు అక్కర్లేదు. ముందు వీడు చెప్పాలి. ఒరేయ్, నాన్న ఇది నీకెప్పుడిచ్చాడు?"

"అక్కా..."

"నాకు అతుకుల నాణెం, నీకు అసలుదీ, పైన ఇల్లూనా? అందుకేనా ఆ రోజు నేను నాణెం తీసుకుంటానంటే మారుమాట లేకుండా సరే అన్నావు? ఎప్పుడిచ్చాడో చెప్పు!"

"నాన్న ఇవ్వలేదు." ఫెర్మీన్ టోపీని మోకాళ్ళ మధ్య పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. "నాన్నను పాతిపెట్టిన మూడో రోజు ఒకామె వెనక గుమ్మంలోకి వచ్చింది. చేతిలో ఒక పెట్టె. ఈ నాణెం ఇచ్చి, దీనికి బదులుగా ఒక గది కావాలంది. ఎవరికీ చెప్పొద్దంది. పక్కపక్కన పెట్టి చూడాలని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. ధైర్యం చాల్లేదు."

"ఎవరామె?"

"నీకు తెలుసు. ప్రతి ఆదివారం పలకరిస్తావు."

బెనీటా చెయ్యి నాణెం మీంచి దానంతటదే జారింది.

"నీ వంటింట్లో వెల్లుల్లి ఒలుస్తూ కూర్చుంటుంది, ఆ ముసలావిడా? ప్యూరా? తొంభై దాటిన మనిషి! పైఅంతస్తు చివరి గదిలో..."

"ఇరవై మూడేళ్ళుగా."

"ఆవిడకీ నాన్నకీ ఏంట్రా సంబంధం?"

గాలికి తలుపు ఒకసారి ఊగి ఆగింది. ఫెర్మీన్ అక్క వైపు తిరగలేదు. అర్లీన్ వైపూ తిరగలేదు.

"పోయిన చలికాలం ఆవిడకు జ్వరం వస్తే పక్క మారుస్తూ పెట్టె జరిపాను. మూత ఊడింది" అన్నాడు. "లోపల పెళ్ళి ఫొటో ఉందక్కా. పెళ్ళికొడుకు నాన్నే. పక్కన ఉన్నది అమ్మ కాదు."